నాన్న పోయాడు, పక్క చేను ఉప్పు తేలింది: రెండూ ఒకే ఫిల్మ్‌లో పెట్టొచ్చా?

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా పెద్దవాడికంటే చిన్నవాడివి. వేరే ఎవరైనా చదివితే అర్థం కావాలి కాబట్టి ముందు నీ సంగతి నాలుగు ముక్కల్లో చెబుతా. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గర ఊరు మీది. మీ నాన్న 1993లో మూడెకరాల వరిచేను తవ్వించి టైగర్ రొయ్యల గుంటలు వేశాడు, రెండు పంటలు బ్రహ్మాండంగా వచ్చాయి, మూడోది వైట్ స్పాట్, అదే తెల్ల మచ్చల రోగం, తగిలి మొత్తం పోయింది. చాలా ఏళ్లు ఖాళీగా ఉంచి 2013లో వనామి రకం రొయ్యతో మళ్లీ దిగాడు. ఎనిమిది నెలల కింద గుండెపోటుతో పోయాడు. పక్క చేను నీకు పెదనాన్న వరసాయనది, మీ గుంటల ఉప్పు ఊరి తన వరి పోయిందని పదేళ్లు మీ ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడు గుంటలు లీజుకిచ్చారు, నీ దగ్గర ఫోన్‌తో తీసిన నలభై గంటల ఫుటేజ్ ఉంది. ముఖ్యంగా అడిగినవి నాలుగు: నేల పోయిన బాధ, నాన్న పోయిన బాధ ఎలా కలపాలి, నాన్నే గుంటలు వేశాడన్న సంగతి పెట్టాలా దాచాలా, డ్రోన్ అద్దెకు తీసుకోవాలా, నాన్న వాయిస్ నోట్స్ వెనకున్న ఏరియేటర్ల (గుంట నీళ్లలో గాలి కలిపే యంత్రాల) మోత తీసేసే యాప్ ఏదైనా ఉందా.

నేను 1994లో నెల్లూరు ట్రంకు రోడ్డులో పెళ్లి వీడియోలతో మొదలుపెట్టినవాణ్ణి. తర్వాత ఎడిటింగ్, స్వచ్ఛంద సంస్థలకు చిన్న డాక్యుమెంటరీలు, టీవీకి కొన్ని. పేరున్నవాణ్ణి కాదు. కానీ నువ్వు ఇప్పుడు చేయబోతున్న తప్పు నేను ఒకసారి సొంత డబ్బు పెట్టి మొదటినుంచీ చివరిదాకా చేసి చూశాను, అందుకని చెప్పే అర్హత ఉందనుకుంటున్నా.

మా అమ్మ 2008లో పోయింది. షుగరు, దాంతో కిడ్నీలు. ఆ ఏడే నేను పెన్నలో ఇసుక తవ్వకాల మీద ఒక ఫిల్మ్ పెట్టుకున్నా. ఎడిటింగ్‌కి కూర్చుంటే ఏ షాట్ చూసినా అమ్మే గుర్తొస్తుంది, సరే అని చిన్నప్పుడు పెన్నలో చెలమ తీసి కడవ ముంచుకునేవాళ్లమని ఆమె చెప్పిన మాటలు, ఆమె ఫోటోలు, గుంతలు పడ్డ ఇసుక, ట్రాక్టర్లు అన్నీ కలిపి అల్లేశాను. ఇరవయ్యారు నిమిషాలు. వెనక వేణువు కూడా. కావలిలో ఒక కాలేజీ హాల్లో వేస్తే ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, నాకు లోపల గర్వం. అయిపోయాక ఒక పెద్దాయన లేచి, "అబ్బయా, మీ అమ్మ పెన్న వల్ల పోయిందా?" అన్నాడు. లేదండీ, షుగరు అన్నా. "పోనీ పెన్న మీ అమ్మ వల్ల పోయిందా?" హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "మరెందుకు కలిపావు?" అని కూర్చున్నాడు. బస్సులో నెల్లూరు వచ్చేదాకా ఆలోచించినా జవాబు రాలేదు. నిజంగా జవాబు ఒకటే: కలిపితే చూసేవాళ్లకు ఏడుపొస్తుందని కలిపాను. ఆ ఫిల్మ్ మళ్లీ ఎక్కడా వేయలేదు.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకు నా మాట, కలపొద్దు. మీ నాన్న చేనుకు గుర్తు కాదు, చేను మీ నాన్నకు గుర్తు కాదు. ఎండిన గట్టు చూపించి వెంటనే దండ వేసిన ఫోటో చూపిస్తే రెండూ పలచబడిపోతాయి. ఆ ఫోటో ఎవరి నాన్నదైనా కావచ్చు, ఆ గట్టు ఏ ఊరిదైనా కావచ్చు. అట్లా కాకుండా ఆ రెండు సంగతులూ నిజంగా ఒకదానికొకటి తగిలిన చోటు వెతుకు. చేతికి తగిలేంత నిజంగా. నాకు పెన్న విషయంలో అట్లాంటి చోటు లేదు, ఉన్నట్టు నటించాను. నీకు ఉంది, నువ్వే రాశావు, కాకపోతే దాన్ని అడ్డం అనుకుంటున్నావు. ఆ చేనును ఉప్పు చేసిన గుంటలు తవ్వించింది మీ నాన్న.

అది దాచి తీస్తే ఏమవుతుందో చెప్పనా? ఎవరో కంపెనీ వాళ్లు వచ్చారు, ఎవరో అధికారులు పట్టించుకోలేదు, అమాయక రైతు బలయ్యాడు అన్న కథ అవుతుంది. అట్లాంటివి వంద ఉన్నాయి. మీ ఊళ్లో వేస్తే మొదటి నిమిషంలోనే ఎవడో ఒకడు అంటాడు, వీళ్ల నాయనే గదా ముందు జేసీబీ తెచ్చింది అని. అక్కడితో నీ ఫిల్మ్ అయిపోయింది.

పెట్టమన్నానని నాన్నను దోషిగా నిలబెట్టమని కాదు. ఆ రోజులు నీకు తెలియవు. నాకు తెలుసు, నేను ఆ పెళ్లిళ్లు తీశాను. 1994లో నెల్లూరులో పెళ్లి వీడియోకి రెండు కెమెరాలు కావాలని మొదట అడిగింది రొయ్యల వాళ్లే. అప్పటిదాకా మొలగొలుకుల వరి పండించిన నేలను తెల్లారేసరికి గుంటలు చేసేస్తుంటే, వేయనివాణ్ణి బామ్మర్దులే చేతకానివాడు అనేవాళ్లు. వరి మీద ఆరు నెలలకు వచ్చే డబ్బు రొయ్య మీద ఒక పట్టుబడిలో ఎన్నో రెట్లు కళ్లచూస్తుంటే ఎవడాగుతాడు? తర్వాత 1994-95లో తెల్ల మచ్చల రోగం వచ్చింది. తూర్పు తీరమంతా ఒకటే పరిస్థితి, పొద్దున చూస్తే రొయ్య గట్టు పక్కకొచ్చి నీరసంగా తిరుగుతుంటుంది, కొన్ని రోజుల్లోనే గుంట తుడిచిపెట్టుకుపోతుంది. ఆ ఏడాది నేను తీసిన పెళ్లిళ్లలో కొన్నింటికి బాకీ కట్టి క్యాసెట్లు తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. ఐదున్నాయి ఇప్పటికీ నా బీరువాలో, పేర్లు రాసిన స్టిక్కర్లు పసుపుపచ్చ అయిపోయాయి. ఒకదాంట్లో పెళ్లికొడుకు తండ్రి కెమెరా ముందుకొచ్చి మరీ, "వేపుడు చూపించబ్బయా, ముప్పై కౌంటు, మన గుంటదే" అంటాడు. ముప్పై కౌంటంటే కిలోకి ముప్పై తూగే పెద్ద రొయ్య. ఆ మనిషి మొహం చూస్తే నాకు ఇప్పటికీ ఆయన మీద కోపం రాదు.

మీ ఇంట్లో 93, 94 నాటి ఫోటోలు, క్యాసెట్లు ఏమైనా ఉన్నాయా చూడు. మీ నాన్న నవ్వుతున్నవి. ఫిల్మ్‌కి అవి కావాలి. పోయినవాళ్ల ఫిల్మ్ అంటే అందరూ దిగులు మొహాలే వెతుకుతారు, మనిషి గెలిచిన రోజు ఎట్లా ఉన్నాడో చూపించకపోతే ఏం పోయిందో తెలియదు.

వెనక నడిచిన పెద్ద కథ కూడా కొంచెం తెలిసి ఉండాలి నీకు, ఫిల్మ్‌లో పాఠంలా చెప్పడానికి కాదు, అడగాల్సిన ప్రశ్నలు తెలియడానికి. తమిళనాడు నుంచి గ్రామ స్వరాజ్య ఉద్యమం జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: తీరంలో పోటు గీత (సముద్రం పోటెత్తినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 500 మీటర్ల లోపల రొయ్యల గుంటలు ఉండకూడదు, సంప్రదాయ పద్ధతి వాటికి మినహాయింపు, పులికాట్, చిల్కా సరస్సులకైతే 1000 మీటర్ల లోపల వద్దు, పంటభూములను గుంటలుగా మార్చకూడదు, ఉన్నవి 1997 మార్చి 31 లోపు తీసేయాలి. ఆ తీర్పు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, చదువు. అందులో మన నెల్లూరు జిల్లా మత్స్యకార గ్రామం ఒకటి వస్తుంది. గుంటల వల్ల నీళ్లు ఉప్పగా మారి ఆరు వందల మందికి తాగడానికి చుక్క లేకపోతే, ఆడవాళ్లు గొడవ చేశాక ట్యాంకర్లతో పోశారని. సారా మీద దూబగుంట ఆడవాళ్లు లేచిన కాలం కూడా దాదాపు అదే, ఈ జిల్లాలో ఆ నాలుగైదేళ్లు ఆడవాళ్లు బిందెలు పట్టుకున్నా చీపుర్లు పట్టుకున్నా ఢిల్లీదాకా వినిపించింది. మరి తీర్పు వచ్చాక గుంటలు పోయాయా అంటే నీకే తెలుసు. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి, 2009లో వనామికి అనుమతి వచ్చింది. వనామి మన సముద్రంలోది కాదు, మెక్సికో, పెరూ వైపు పసిఫిక్ ఒడ్డుది. టైగర్‌కంటే ఎక్కువ ఒత్తుగా వేయొచ్చు. ఒత్తుగా వేస్తే ఊపిరి కష్టం, అందుకే ఏరియేటర్లు. ఆ మోత సంగతికి మళ్లీ వస్తా.

ఇప్పుడు పెదనాన్న దగ్గరికి వద్దాం. నీ ప్రశ్నలో ఒక వాక్యం ఉంది, రాసి ముందుకు వెళ్లిపోయావు: పదేళ్లు మాట్లాడని మనిషి కబురు తెలిసి వచ్చి, ఏం మాట్లాడకుండా పాడె ముందు కొమ్ము పట్టుకున్నాడని, పెద్దకర్మ రోజు వచ్చాడు గానీ భోజనానికి కూర్చోలేదని. తమ్ముడూ, నలభై గంటల ఫుటేజ్‌లో ఆయన ఎంతసేపున్నాడు? నాకు తెలుసు, సున్నా.

ఫిల్మ్ ఆయన దగ్గర ఉంది. నీకు నాన్న పోయాడు, ఆయనకు నేల పోయింది, తమ్ముడూ పోయాడు, పైగా ఆ తమ్ముడి వల్లే నేల పోయింది. ఇవన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి, నువ్వు ఎడిటింగ్‌లో అల్లాల్సిన పనేం లేదు. ముందు కెమెరా లేకుండా వెళ్లు. ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు. క్షమాపణ చెప్పాలా అంటే, అది నువ్వూ మీ అమ్మా తేల్చుకోవాల్సింది, ఫిల్మ్ కోసం మాత్రం చెప్పకు. కెమెరా ముందు చెప్పే క్షమాపణ అంత అసహ్యం ఇంకోటి లేదు. ఆయన ఒప్పుకుంటే చేను దగ్గర కూర్చోబెట్టి, నాన్న గురించి అడక్కు. చేను గురించి అడుగు. ఏ పక్క నుంచి ముందు ఉప్పు తేలింది, ఏ మడి ముందు పోయింది, నారు పోసినప్పుడు ఎట్లా తెలిసింది. రైతు చేను గురించి మొదలుపెడితే ఆపడు. నాన్న పేరు ఎప్పుడు వస్తుందో ఆయనే చూసుకుంటాడు. వచ్చినప్పుడు నువ్వు ఇంకో ప్రశ్న వేయకుండా నోరు మూసుకుని ఉండగలిగితే చాలు, మనకు ఈ పనిలో వచ్చే నైపుణ్యం సగం అదే.

ఉప్పు ఊరడం ఎట్లా చూపించాలో తెలియక చాలామంది గ్రాఫిక్స్ పెడతారు. అవసరం లేదు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. వరి రెండు గ్రాముల దగ్గరే దిగుబడి తగ్గించడం మొదలుపెడుతుంది. ఈ రెండు అంకెలూ ఒక చెంబుతో, వంటింటి ఉప్పుతో చూపించొచ్చు. లీజుకు తీసుకున్నాయన దగ్గర సెలినిటీ, అంటే ఉప్పదనం, చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది, కంటి దగ్గర పెట్టుకుని వెలుతురు వైపు చూసే గొట్టం, ఒక్క చుక్క గుంట నీళ్లు, ఒక్క చుక్క పెదనాన్న బావి నీళ్లు. అందులో నీలిరంగు గీత ఎక్కడ ఆగిందో ఫోన్ లెన్స్ ఆనించి తీయొచ్చు, రెండు మూడు సార్లు ప్రయత్నిస్తే ఫోకస్ కుదురుతుంది. ఇంకోటి, రోహిణి కార్తెలో పొద్దున్నే వెళ్లు. మే నెల చివర్లో ఎండకు తేమ పైకి లాగి గట్టు కింద నేల మీద తెల్లగా సున్నం చల్లినట్టు ఉప్పు తేలి ఉంటుంది, వేలితో గీస్తే గీత పడుతుంది. పెదనాన్న ఆ గట్టు మీద నడిచేటప్పుడు కాలి కింద వచ్చే కరకర శబ్దం రికార్డ్ చేసుకో. వాన పడితే ఏడాది ఆగాలి.

అమ్మ విషయం. "పంట టెన్షన్ వల్లే పోయాడు" అని అమ్మ అంటుందని రాశావు, దాన్ని తెర మీద అక్షరాల్లో వేద్దామా అని అడిగావు. వేయొద్దు. అమ్మ నోటితో అనిపించు, అన్నది అన్నట్టు ఉంచు. ఆమె అంటే అది భార్య మాట, దానికి ఎవరూ రుజువు అడగరు. నువ్వు తెర మీద రాస్తే అది వార్త అవుతుంది, అప్పుడు డాక్టరు కాగితం అడుగుతారు, అడగాలి కూడా. అట్లాగే పర్యావరణం అన్న మాట నీ వాయిస్ ఓవర్ స్క్రిప్ట్‌లో పదకొండు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. మీ నాన్న జీవితంలో ఆ మాట ఒక్కసారైనా అన్నాడా? నీళ్లు చెడిపోయినయ్యి అని ఉంటాడు, నేల చచ్చిపోయింది అని ఉంటాడు. ఆ మాటలు వాడు. టీవీ తెలుగు వదిలేసి మీ ఇంట్లో ఎట్లా మాట్లాడతావో అట్లానే చదువు, ఎట్టా, యాడ అన్నా పర్లేదు.

నువ్వు పంపిన ఆ పెద్ద ఇంగ్లీషు మాట, సోలాస్టాల్జియా, మంచి మాటే. గ్లెన్ ఆల్‌బ్రెక్ట్ అని ఆస్ట్రేలియా తత్వవేత్త పెట్టాడు, న్యూ సౌత్ వేల్స్‌లో హంటర్ లోయలో బొగ్గు గనులు ఊళ్లను తినేస్తుంటే అక్కడి జనం బాధ చూసి. ఊరొదిలి వెళ్లినవాడికి ఊరి మీద బెంగ ఉంటుంది కదా, ఇది ఊళ్లోనే ఉన్నవాడికి ఊరి మీద బెంగ. మీ పెదనాన్నకు ఉన్నది అదే. కానీ నీ ఫిల్మ్‌లో ఆ మాట వినపడకూడదు. నువ్వు తెలుసుకుని లోపల పెట్టుకో. 2019 ఆగస్టులో ఐస్‌లాండ్‌లో ఓక్ అనే మంచునది చచ్చిపోయిందని జనం కొండెక్కి రాగిఫలకం పెట్టి సంతాపం తెలిపారు, అది చూసి మనం కూడా చేనుకు పిండం పెడుతున్నట్టు ఒక సీన్ తీద్దామా అన్నావు. వాళ్లకు కుదిరింది, వాళ్లది అబద్ధం కాదు. మన దగ్గర పిండం అంటే నిజంగా నాన్నకు పెట్టేది. దాన్ని సీన్‌గా తీస్తే మీ అమ్మ మొహం చూడలేవు.

ఆ మాట మీదే సంవత్సరీకం. ఇంకో నాలుగు నెలల్లో వస్తుంది. ఆ రోజు కెమెరా నువ్వు పట్టుకోవద్దు. కర్త నువ్వే, చేతిలో దర్భ ఉండాలి, ఫోన్ కాదు. ట్రైపాడ్ మీద ఒక ఫోన్ దూరంగా పెట్టి ఆన్ చేసి వదిలెయ్, లేదంటే తెలిసినవాణ్ణి పిలుచుకో, దగ్గరికి వచ్చి క్లోజప్‌లు తీయొద్దని ముందే చెప్పు. ఇంకో ముఖ్యమైనది. ఆ రోజు కాకి వెంటనే ముట్టకపోతే, దాన్ని ఉప్పునీళ్లకూ పురుగుమందులకూ ముడిపెట్టి నువ్వు ఏదో ఒకటి రాసుకుంటావు, నాకు తెలుసు, నేనైతే రాసేవాణ్ణి. రాయొద్దు. కాకి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఇక ఏరియేటర్ల మోత. చివర్లో ఏదో సాఫ్ట్‌వేర్ సంగతిలా అడిగావు గానీ, నేను ఈ జవాబు రాయడానికి కూర్చుంది దాని కోసమే. యాప్‌లు ఉన్నాయి, నిమిషంలో తీసేస్తాయి, పేరు చెప్పను. నువ్వు రాసిన ఆ వాయిస్ నోట్ సంగతి చూడు, రాత్రి రెండింటికి నాన్న గట్టు మీద నుంచి పంపింది, "నువ్వు పడుకో అబ్బయా, ఇయ్యి తిరగతా ఉంటే నాకు నిద్ర పడద్ది, ఆగితేనే మెలకువ" అన్నది. ఇయ్యి అంటే ఏమిటి? వెనక మోతే కదా. అది తీసేస్తే ఆ వాక్యానికి అర్థమే లేదు.

గుంటలో నీళ్లలోని పాచి పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది, తెల్లవారుజామున నీళ్లలో ఊపిరి అన్నిటికంటే తక్కువ. ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోకపోతే కొన్ని గంటల్లో పంట మొత్తం పోతుంది. అందుకే రొయ్యల రైతు మోత వింటూ నిద్రపోతాడు, నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తాడు. అదే మోత పెదనాన్నకు పదేళ్లు నిద్ర లేకుండా చేసి ఉంటుంది. మీ అమ్మకు? నువ్వే అన్నావు, గుంటలు లీజుకిచ్చారు, ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, మనిషే లేడు అని. అమ్మను అడుగు, ఇప్పుడు ఆ మోత వింటే నిద్ర పడుతుందా అని. ఇది నేను రాయిస్తున్న సీన్ కాదు, జవాబు ఏమొస్తుందో నాకు తెలియదు. ఒకే శబ్దం, ముగ్గురికి మూడు రకాలు. నేను ఇందాక తగిలే చోటు అన్నానే, అది ఇదే.

చేయాల్సింది ఏమిటంటే, ఒక రాత్రి గుంటల మీదికి వెళ్లి, గాలి తక్కువ ఉన్నప్పుడు, మైక్‌కి బొచ్చు తొడుగు వేసి, ఏరియేటర్ల శబ్దం ఒకే చోట నుంచి కనీసం పదిహేను నిమిషాలు కదలకుండా రికార్డ్ చేసుకో. తర్వాత ఇంటి వరండాలోంచి, తర్వాత పెదనాన్న ఇంటి మంచం దగ్గర నుంచి, ఆయన ఒప్పుకుంటే. మూడు దూరాలు. లీజుదారుణ్ణి అడిగి ఆపేసి మళ్లీ వేసే క్షణం కూడా పట్టుకో, పగలు ఎండ బాగా ఉన్నప్పుడు ఐదు నిమిషాలు ఆపినా పంటకేం కాదు, అయినా ఆయన ఊ అంటేనే. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి తీస్తున్నప్పుడు టార్చి వెలుగుకి రొయ్యల కళ్లు ఎర్రగా నిప్పు నలకల్లా మెరుస్తాయి, అది నీ నలభై గంటల్లో ఉంటే దాచుకో, లేకపోతే తీసుకో. నాన్న చేయి అంచున కనిపించే షాట్ ఒక్కటి ఉన్నా సరే, మొహం లేకపోయినా సరే.

వేణువు, వయొలిన్ ఏదీ వద్దు. నా మాట విను.

ప్రకాశం జిల్లా చీమకుర్తి వైపు నాకు తెలిసిన కుర్రాడు ఒకడు తాత మీద తీసిన పద్దెనిమిది నిమిషాల ఫిల్మ్ గురించి చెబుతా, అతనిది నువ్వు చూసి ఉండవు, ఎక్కడా పెట్టలేదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ తెలుసు కదా, నల్లరాయిలో బంగారు నలకలు, దేశదేశాలకు పోతుంది, కొన్ని చోట్ల వంటింటి బల్లలు, కొన్ని చోట్ల సమాధి రాళ్లు. తాత జీవితమంతా క్వారీలో పనిచేశాడు. చిన్నప్పుడు పశువులు మేపిన నేల ఇప్పుడు వందల అడుగుల గొయ్యి. ఫిల్మ్‌లో గొయ్యి ఒక్కసారే వస్తుంది. మిగతాదంతా తాత వస్తువులు, బీడీ కట్ట, చెవి సరిగా వినపడక గట్టిగా పెట్టుకునే టీవీ. చివర్లో తాత సమాధి చూపిస్తాడు. ఇటుక, సిమెంటు, పైన సున్నం. అంతే, వాయిస్ ఓవర్‌లో ఒక్క ముక్క లేదు. నేను ఇంకో పది సెకన్లు ఉంచమన్నా, వాడు వినలేదు, వాడిదే కరెక్ట్.

కొన్ని పనికొచ్చే సంగతులు గబగబా. ఫోన్ వీడియోలు సెకనుకు ఒకేలా ఫ్రేములు తీయవు, కాస్త అటూ ఇటూ అవుతుంటాయి, ఎడిటింగ్‌లో పెట్టాక అరగంట ఇంటర్వ్యూలో పెదాలు ఒకచోట మాట ఒకచోట పడుతుంది. ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకో. ఇకనుంచి తీసేవి 25లోనే తియ్, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 పెడితే ట్యూబ్‌లైట్లు వణకవు. నలభై గంటలు చూసి నోట్‌బుక్‌లో రాసుకోవడానికి కనీసం నూట ఇరవై గంటలు పడుతుంది, దానికి అడ్డదారి లేదు, ఏఐతో టైప్ చేయించుకున్నా మన యాస దానికి సరిగా అర్థం కాకపోవచ్చు. ఇంటర్వ్యూ ఇచ్చిన వాళ్లందరి దగ్గర సంతకం తీసుకో, పెదనాన్న దగ్గర ఫిల్మ్ చూపించాక ఇంకోసారి అడుగు.

డ్రోన్. పైనుంచి సాయంత్రం ఎండలో రొయ్యల గుంటలు అద్దాలు పరిచినట్టు అద్భుతంగా ఉంటాయి, అదే ఇబ్బంది. చూసేవాళ్లు ఆహా అంటారు. పెదనాన్న ఎప్పుడూ ఆ ఎత్తు నుంచి చూడలేదు, నాన్న కూడా. గట్టు ఎత్తు చాలు. మరీ మనసు లాగితే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఊరు ఏ జోన్‌లో ఉందో చూసుకున్నాకే ఎగరెయ్యి. కింద శ్రీహరికోట, పక్కన కృష్ణపట్నం పోర్టు, మన తీరం పచ్చ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేనిది) అని ఊహించుకుని ఎగరేస్తే పోలీసు స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది. ఆ అద్దె డబ్బుతో మంచి మైక్ కొను.

ఫెస్టివల్స్ గురించి అడిగావు. త్రివేండ్రంలో కేరళ చలచిత్ర అకాడమీ వాళ్లు 2008 నుంచి నడిపే డాక్యుమెంటరీ ఫెస్టివల్, రెండేళ్లకోసారి ముంబైలో జరిగేది, రెండూ చూడు. కానీ ముందు అమ్మకు ఒక్కదానికే చూపించు, ఇంట్లో టీవీలో, తలుపేసి. తర్వాత పెదనాన్నకు. వాళ్లిద్దరిలో ఎవరు ఏది తీసెయ్యమన్నా వెంటనే వాదించకుండా రెండు రోజులు ఆగు. ఊళ్లో ఎప్పుడు వేయాలన్నది ఆ తర్వాత.

ఒక్కటి మాత్రం ఈ రాత్రే చెయ్యి. వాయిస్ నోట్స్ అన్నీ వాట్సాప్‌లో, నీ ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయని రాశావు. ఒక్కోటీ బయటికి తీసి తారీఖు పేరుతో రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టు, ఒకటి మీ ఇంట్లో, ఒకటి నెల్లూరులో మీ అక్కవాళ్లింట్లో. ఫార్మాట్ మార్చకు, ఏదీ క్లీన్ చెయ్యకు. అది అయిందని చెప్పు, ఫుటేజ్ చూసి రాసుకునే లాగింగ్ నోట్‌బుక్ ఎట్లా గీసుకోవాలో ఫోటో తీసి పంపిస్తా.